ఇంగ్లీషు ‘గో’కు రష్యన్‌లో తోవలు

ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు మొదటి పాఠాలలోనే పరిచయమయ్యే ‘గో’ అనే క్రియ, దానిని రష్యన్‌లోకి తేవలసిన అనువాదకుడికి మాత్రం ఏళ్ల తరబడి సాధన చేసినా పూర్తిగా లొంగదు. మనిషి బడికి వెళ్ళినా, రైలు ఊరు దాటినా, గడియారం ఆడినా, పాలు విరిగినా, దీపం ఆరినా, ఎవరికైనా మతి చలించినా ఇంగ్లీషు ఈ ఒక్క క్రియతోనో, దానికి ఒక చిన్న మాట జోడించో పని జరుపుకుంటుంది. ఒకే పదంలో పరస్పర సంబంధమున్న అనేక అర్థాలు ఇమిడి ఉండటాన్ని భాషాశాస్త్రం బహ్వర్థకత అంటుంది. బహ్వర్థక క్రియను మరో భాషలోకి తేవడమంటే నిఘంటువు వరుసగా ఇచ్చిన అర్థాలలో ఒకదానిని ఏరుకోవడమేనని చాలామంది అనుకుంటారు. 1943లో తొలిసారి వెలువడి సోవియట్ విద్యార్థులకు తరతరాలుగా తోడుగా ఉన్న మ్యూలర్ ఇంగ్లీషు–రష్యన్ నిఘంటువులో ‘గో’ కింద కనిపించే పొడవాటి జాబితా కూడా ఆ అభిప్రాయాన్నే బలపరుస్తుంది. అసలు చిక్కు ఆ జాబితాకు బయట ఉంది. ఇంగ్లీషు చెప్పకుండా విడిచిపెట్టిన కొన్ని సంగతులను రష్యన్ చెప్పి తీరమంటుంది. ఆ సంగతులు మూలవాక్యంలో ఎక్కడా కనబడవు, వాక్యం వెనుక ఉన్న సన్నివేశంలోనే దొరుకుతాయి. అందువల్ల అనువాదకుడు ముందుగా ఆ సన్నివేశాన్ని కళ్ళముందు నిలుపుకుని, ఆ తరువాతనే మాట కోసం వెతకవలసి ఉంటుంది.

ఈ విషయానికి సిద్ధాంతరూపం ఇచ్చినవారు రోమన్ యాకబ్సన్. 1896లో మాస్కోలో పుట్టి, అనంతరకాలంలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన ఈ భాషాశాస్త్రవేత్త, అనువాదంలోని భాషాపరమైన అంశాలను గురించి 1959లో వెలువరించిన ఒక చిన్న వ్యాసంలో, భాషల మధ్య ముఖ్యమైన తేడా అవి ఏమి చెప్పగలవన్న దానిలో ఉండదనీ, ఏమి చెప్పక తప్పదన్న దానిలో ఉంటుందనీ ప్రతిపాదించారు. పనికి ఒక మనిషిని కుదుర్చుకున్నట్టు తెలిపే అతి మామూలు ఇంగ్లీషు వాక్యాన్ని ఆయన ఉదాహరణగా తీసుకున్నారు. ఆ వాక్యాన్ని రష్యన్‌లో చెప్పాలంటే, కుదుర్చుకోవడం ముగిసిందా లేదా, కుదిరినది మగవాడా ఆడమనిషా అన్న ప్రశ్నలకు జవాబు తెలియనిదే క్రియా నామవాచకమూ ఏ రూపంలో పెట్టాలో తేలదు. అదే రష్యన్ వాక్యాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చబోతే, ఆ పనిమనిషి ఎవరో ఒకరా, ముందే తెలిసిన ఫలానా మనిషా అని ఈసారి ఇంగ్లీషు అడుగుతుంది. ప్రతి భాషా తన వక్తల నోట కొన్ని సమాధానాలను బలవంతంగా చెప్పిస్తుందన్న ఈ సూత్రం ఏ క్రియకైనా వర్తించేదే అయినా, ‘గో’ విషయంలో దాని తీవ్రత మరింత ఎక్కువగా కనిపిస్తుంది.

రష్యన్ అడిగే మొదటి ప్రశ్న కాళ్ళకు సంబంధించినది. తన కాళ్ళ మీద నడిచి వెళ్ళడానికి ‘ఇత్తీ’ అనే క్రియ, బండి, గుర్రం, రైలు, కారు వంటి వాటి మీద వెళ్ళడానికి ‘యేఖత్’ అనే క్రియ వేరువేరుగా ఉన్నాయి. సంస్కృతం తెలిసిన తెలుగు పాఠకులకు ఈ రెండూ పూర్తిగా పరాయివి కావు. ఇండో-యూరోపియన్ కుటుంబపు పాత ధాతువులే రెండు చోట్లా నిలిచి ఉన్నందువల్ల, ‘ఇత్తీ’ సంస్కృతంలోని ‘ఏతి’కి, ‘యేఖత్’ సంస్కృతంలోని ‘యాతి’కి బంధువులు. యానం, ప్రయాణం, యాత్ర అని తెలుగులో నిత్యం వినబడే మాటలన్నీ ఆ రెండో ధాతువు సంతానమే. నడక, వాహనం అనే భేదం మీద క్రియను రెండుగా చీల్చడం రష్యన్‌లో ఎంత గట్టిగా ఉందంటే, లూయిస్ కారల్ 1865లో ప్రచురించిన ఆలిస్ కథలో ఆ పిల్ల అడవిలో పిల్లిని దారి అడిగే ఘట్టాన్ని తీసుకుంటే, 1923లో నబోకోవ్ మొదలుకొని 1967లో నినా దెమూరవా వరకూ ఆ కథను అనువదించిన వారెవరికైనా ఆ పిల్ల నడిచే పోతోందన్న స్పృహ లేకుండా ఆ ప్రశ్నను రష్యన్‌లో పెట్టడం సాధ్యం కాదు. ఆ ఘట్టంలో జవాబు సులభంగా దొరుకుతుంది. అన్ని చోట్లా అంత సులభం కాదు. ఇంగ్లీషు నవలలో ఒక పాత్ర సాయంకాలం తన సోదరి ఇంటికి వెళ్ళాడని మాత్రమే ఉన్నప్పుడు, ఆ ఇల్లు పక్క వీధిలో ఉందో పక్క జిల్లాలో ఉందో తెలుసుకోవడానికి అనువాదకుడు ఒక్కోసారి యాభై పేజీలు వెనక్కి తిప్పవలసి వస్తుంది.

అయితే ఈ నియమానికి ఒక ముఖ్యమైన సడలింపు ఉంది, కొత్తగా రష్యన్ నేర్చుకున్నవారు తడబడేది ఇక్కడే. ఊరిలోనే ఉన్న నాటకశాలకో, బడికో, ఉద్యోగానికో వెళ్ళడాన్ని చెప్పేటప్పుడు, అక్కడికి వెళ్ళి ఆ పనిలో పాల్గొనడం ముఖ్యమైతే, మెట్రో రైలులో వెళ్ళినా సరే రష్యన్లు నడక క్రియనే వాడతారు. మాస్కోలో ఒకరు నిన్న నాటకానికి ‘ఖదీల్’ అంటే నాటకం చూసి వచ్చాడని అర్థమే గాని, నడిచి వెళ్ళాడని కాదు. వాహనపు క్రియ వాడితే వినేవారి దృష్టి నాటకం మీద నుంచి ప్రయాణం మీదకు మళ్ళుతుంది. అంటే రష్యన్ అడిగే ప్రశ్న కూడా కేవలం కాళ్ళా చక్రాలా అన్నది కాదు. చెప్పేవాడి మనసులో ప్రధానమైనది గమ్యమా, దారా అన్నది కూడా అందులో కలిసి ఉంటుంది.

రెండో ప్రశ్న దిశకు సంబంధించినది. పైన చెప్పిన రెండు క్రియలకూ చెరొక జంట ఉంది: ‘ఇత్తీ’కి ‘ఖదీత్’, ‘యేఖత్’కు ‘యేజ్దిత్’. జంటలో మొదటిది ఒక సమయంలో ఒకే దిశగా సాగే గమనాన్ని చెబుతుంది. రెండవది పోయి రావడాన్ని, పదేపదే వెళ్ళడాన్ని, అటూ ఇటూ తిరగడాన్ని, లేదా నడవగల శక్తిని చెబుతుంది. పసిబిడ్డకు నడక వచ్చిందనడానికి రెండవదే కావాలి. పరుగెత్తడం, ఎగరడం, ఈదడం, పాకడం, మోయడం, చేయిపట్టి తీసుకుపోవడం వంటి అర్థాలలోనూ ఇటువంటి జంటలే ఉన్నాయి. పాఠ్యపుస్తకాలు సాధారణంగా 14 జంటలను లెక్కిస్తాయి. ఇప్పుడు తాను మాస్కో వెళ్ళానని ఒకరు ఇంగ్లీషులో చెప్పిన అతి చిన్న వాక్యాన్ని తీసుకుంటే, దానికి రష్యన్‌లో కనీసం ఐదు రూపాలు ఎదురుచూస్తుంటాయి. ‘యేజ్దిల్’ అంటే వెళ్ళి తిరిగి వచ్చాడు. ‘స్యేజ్దిల్’ అంటే ఒక పని మీద వెళ్ళి, అది ముగించుకుని వచ్చాడు. ‘పయేఖల్’ అంటే బయలుదేరి వెళ్ళాడు, ఇంకా తిరిగి రాలేదు. ‘ఉయేఖల్’ అంటే ఉన్న చోటు విడిచి వెళ్ళిపోయాడు. ‘యేఖల్’ అంటే దారిలో ఉండగా ఏదో జరిగింది, ఆ జరిగినదే కథకు ముఖ్యం. ఈ ఐదింటిలో ఏది సరైనదో ఇంగ్లీషు ‘వెంట్’ ఎన్నడూ చెప్పదు. తరువాతి వాక్యం, తరువాతి అధ్యాయం, ఒక్కోసారి కథ ముగింపు మాత్రమే చెబుతాయి. వెళ్ళిన మనిషి తిరిగి వస్తాడా రాడా అన్నదే ఉత్కంఠగా నడిచే కథలో అనువాదకుడు ‘యేజ్దిల్’ అని రాశాడంటే, రచయిత దాచిపెట్టిన ముగింపును ఒక్క క్రియతో బయటపెట్టినట్టే అవుతుంది.

మూడో ప్రశ్న చెప్పేవారి లింగాన్ని గురించినది. పై రూపాలన్నీ మగవాడు చెప్పినవి. స్త్రీ చెబితే ‘యేజ్దిల’, ‘పయేఖల’ అని మారిపోతాయి. తెలుగులో ప్రథమపురుషలో వెళ్ళాడు, వెళ్ళింది అనే భేదం ఉన్నా, ఉత్తమపురుషలో ‘వెళ్ళాను’ అనే మాట స్త్రీకీ పురుషుడికీ ఒకటే. రష్యన్ ఈ విషయంలో హిందీని పోలి ఉంటుంది. హిందీలో మగవాడు ‘గయా’ అనీ స్త్రీ ‘గయీ’ అనీ చెప్పుకున్నట్టే అక్కడా జరుగుతుంది. దీనికి కారణం రెండు భాషల చరిత్రలోనూ ఒకటే: హిందీ భూతకాలం సంస్కృతంలోని ‘గతః’ వంటి క్రియాజన్య విశేషణం నుంచి పుట్టినట్టే, రష్యన్ భూతకాలం కూడా ప్రాచీన స్లావ్ భాషలోని ఒక క్రియాజన్య విశేషణం నుంచే పుట్టింది. విశేషణానికి లింగవచనాలుంటాయి గాని పురుష ఉండదు. ఆ పాత స్వభావం క్రియగా మారిన తరువాత కూడా పోలేదు. కథ చెప్పే వ్యక్తి స్త్రీయో పురుషుడో తెలియనీయకుండా నవల పొడుగునా నడిపించడం ఇంగ్లీషులో సాధ్యమే. 1992లో జానెట్ వింటర్సన్ ప్రచురించిన ‘రిటెన్ ఆన్ ద బాడీ’ అనే నవల అలాంటిదే. అటువంటి పుస్తకాన్ని రష్యన్‌లోకి తేబోయేవారికి వెళ్ళడమనే మామూలు పని కూడా ప్రతిసారీ ఒక ఆటంకమవుతుంది. భూతకాలాన్ని వర్తమానంగా మార్చడమో, వాక్యంలో కర్తనే మార్చి కట్టడమో తప్ప గత్యంతరం ఉండదు. తెలుగులో ఆ నవలకు ఈ ఇబ్బంది ఉండదు. యంత్రానువాదాలు ఇంగ్లీషు ‘వెంట్’కు చాలా తరచుగా పుంలింగ రూపాన్నే ఇచ్చి ఊరుకోవడం ఈ చిక్కుకు పరిష్కారం కాదు, దానిని గమనించకపోవడం మాత్రమే.

పై మూడింటికీ తోడుగా, రష్యన్ క్రియ మొత్తాన్నీ శాసించే మరొక లక్షణం ఉంది. దానిని రష్యన్ వైయాకరణులు ‘వీద్’ అంటారు. ఆ మాటకు చూపు, కనబడే తీరు అని అర్థం. సంస్కృతంలోని ‘విద్’ ధాతువు దానికి బంధువే. ఒక పనిని దాని ఆద్యంతాలతో సహా ఒక్కటిగా బయట నుంచి చూసి చెప్పడం సంపూర్ణ రూపం. జరుగుతుండగా లోపల నుంచి చూసి చెప్పడం, లేదా అలవాటుగా చెప్పడం అసంపూర్ణ రూపం. దాదాపు ప్రతి రష్యన్ క్రియా ఈ రెండింటిలో ఏదో ఒక వైపు నిలబడవలసిందే. వద్దని చెప్పడానికి సాధారణంగా అసంపూర్ణ రూపమే వస్తుంది గాని, అక్కడ కూడా ఏ క్రియ అన్నది సన్నివేశమే తేలుస్తుంది; వెళ్ళవద్దని ఇంగ్లీషులో చెప్పే రెండే మాటల వాక్యం దీనికి మంచి పరీక్ష. ఒక స్త్రీ గుమ్మం దగ్గర నిలిచి, విడిచిపోబోతున్న మనిషిని వెళ్ళవద్దని బతిమాలుతున్నప్పుడు రష్యన్‌లో ‘నె ఉఖదీ’ అని రావాలి. అడవిలో ప్రమాదముంది, అటు వెళ్ళవద్దని తల్లి పిల్లవాడిని హెచ్చరిస్తున్నప్పుడు ‘నె ఖదీ’ అని రావాలి. తెలుగు ఈ తేడాను సహజంగానే పాటిస్తుంది. మొదటి సందర్భంలో ‘వెళ్ళిపోకు’ అనీ, రెండవ సందర్భంలో ‘అటు వెళ్ళకు’ అనీ తెలుగువారు తడుముకోకుండా అంటారు. ఇంగ్లీషు ఒక్కటిగా చూపిన దానిని తెలుగూ రష్యనూ రెండుగా చూపే ఇటువంటి చోట్లు చాలానే ఉన్నాయి గాని, వాటిని ఓపికగా కూర్చి చూపిన గ్రంథం తెలుగు విద్యార్థికి అందుబాటులో లేకపోవడం పెద్ద కొరత.

మనుషుల విషయంలో ఇంత పట్టింపు చూపే రష్యన్, వస్తువుల విషయానికి వచ్చేసరికి ఆశ్చర్యం కలిగించేంత ఉదారంగా మారిపోతుంది. గడియారం ‘ఇద్యోత్’, అంటే నడుస్తుంది. కాలం నడుస్తుంది, పాఠం నడుస్తుంది, సినిమా నడుస్తుంది, చర్చలు నడుస్తాయి, వర్షమూ మంచూ కూడా నడుస్తాయి. రైలులో కూర్చున్న ప్రయాణికుడికి వాహనపు క్రియ తప్పనిసరి అయినా, ఆ రైలుకు మాత్రం చాలా సందర్భాలలో నడక క్రియే వాడతారు. ఓడ నీటి మీద తేలిపోతుందని నేల మీది జనం అన్నా, నావికులు ఓడ నడుస్తుందనే పట్టుబట్టి అంటారు. తెలుగు ‘నడుచు’ ఇక్కడ రష్యన్‌కు దాదాపు జోడీగా నిలబడుతుంది. బస్సులు నడుస్తున్నాయి, దుకాణం నడుస్తోంది, కథ బాగా నడిచింది, ఆయన మాటే నడుస్తోంది అని తెలుగువారు అనేటప్పుడు ఎవరి మనసులోనూ కాళ్ళు మెదలవు. ఇంగ్లీషు ‘గో’ ఈ అర్థాలలో కొన్నిటిని మాత్రమే భరించగలదు; గడియారానికి సరిపోతుంది, వానకు సరిపోదు. అందుచేత ఇంగ్లీషు నుంచి రష్యన్‌లోకి వచ్చే అనువాదకుడు ‘గో’ లేని చోట కూడా ‘ఇత్తీ’ని వాడవలసి వస్తుంది. ఒక దుస్తు మనిషికి నప్పిందని చెప్పడానికి కూడా రష్యన్‌లో ఇదే క్రియ వస్తుంది.

‘గో’ పక్కన చేరే చిన్న మాటలు మరొక అధ్యాయం. లోపలికి, బయటికి, దాటి, చుట్టూ, దాకా అనే అర్థాలను ఇంగ్లీషు క్రియ తరువాత వేరే మాటలతో చెబితే, రష్యన్ వాటిని క్రియకు ముందు ఉపసర్గలుగా అతికిస్తుంది. సంస్కృతంలో ‘గమ్’ ధాతువుకు ఆగమనం, నిర్గమనం, అనుగమనం అని ఉపసర్గలు చేరే పద్ధతి ఎరిగినవారికి దీనిని అర్థం చేసుకోవడంలో కష్టం ఉండదు. ‘వయ్‌తీ’ లోపలికి ప్రవేశించడం, ‘వీయ్‌తి’ బయటికి రావడం, ‘పెరెయ్‌తీ’ దాటడం, ‘దయ్‌తీ’ చేరవలసిన చోటి వరకూ చేరడం. వీటిలో ‘జయ్‌తీ’ ప్రత్యేకంగా చెప్పుకోదగినది: మరెక్కడికో పోతూ దారిలో ఒకరి ఇంటికి వెళ్ళి కాసేపు ఉండి పోవడమనే అర్థం మొత్తం ఒక్క ఉపసర్గలో ఇమిడిపోతుంది. ఇంగ్లీషు నవలలో ఒకరు వైద్యుడి దగ్గరకు వెళ్ళారని మాత్రమే ఉన్నప్పుడు, ఆ వెళ్ళడం దానికోసమే ప్రత్యేకంగా చేసిన పనా, బజారుకు వెళ్తూ మధ్యలో ఆగినదా అని మంచి అనువాదకుడు తనను తాను అడుగుతాడు. అయితే చిన్న మాట చేరగానే ఇంగ్లీషులో గమనార్థమే పూర్తిగా తొలగిపోయే సందర్భాలలో ఈ ఉపసర్గలు దేనికీ పనికిరావు. ఒకే జోడింపుతో ఇంగ్లీషులో గంట మోగుతుంది, బాంబు పేలుతుంది, పాలు విరుగుతాయి. రష్యన్‌లో ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని మూడు క్రియలు.

స్థితి మారడాన్ని చెప్పడానికి కూడా ఇంగ్లీషు ‘గో’ను వాడుతుంది, చూపు పోవడం, జుట్టు నెరవడం, మతి తప్పడం, ముఖం ఎర్రబడటం వంటివి. ఇక్కడ రష్యన్ సాధారణంగా విశేషణాల నుంచే క్రియలను పుట్టిస్తుంది. తెలుపు, ఎరుపు, గుడ్డి అనే మాటలకు ప్రత్యయాలు చేర్చితే కావలసిన క్రియ తయారవుతుంది. మతి తప్పడానికి మాత్రం, బుద్ధి మీద నుంచి కిందికి దిగిపోవడమన్న చిత్రంతో ‘ఇత్తీ’ తిరిగి కనిపిస్తుంది. తెలుగు ఈ విషయంలో రష్యన్ కంటే ఇంగ్లీషుకు దగ్గరగా ఉందనవచ్చు. పాడైపోవడం, ఎండిపోవడం, వాడిపోవడం, నెరిసిపోవడం అని తెలుగు అనేక మార్పుల చివర ‘పోవు’ను చేర్చి, గమనాన్నే పరిణామంగా చేసుకుంది.

ఆమె ఇక లేదు, వెళ్ళిపోయిందని చెప్పే ఇంగ్లీషు వాక్యం అనువాదకుల పనితనాన్ని తూచడానికి బహుశా అన్నిటికంటే నమ్మదగిన త్రాసు. గది విడిచి వెళ్ళిందా, ఊరు విడిచి వెళ్ళిందా, భర్తను విడిచి వెళ్ళిందా, కనబడకుండా పోయిందా, మరణించిందా అన్నది ఇంగ్లీషు వాక్యం చెప్పదు; ఎన్నో కథలలో ఆ చెప్పకపోవడమే రచయిత ఉద్దేశం. నడిచి వెళ్ళడాన్ని చెప్పే ‘ఉష్ల’, బండి మీద వెళ్ళడాన్ని చెప్పే ‘ఉయేఖల’, మాయమవడాన్ని చెప్పే ‘ప్రపాల’ అన్న మూడింటి మధ్య నిలిచిన అనువాదకుడు, ఆమె రైలెక్కి వెళ్ళింది కాబట్టి వ్యాకరణబద్ధంగా రెండవదే సరైనదని అనుకోవచ్చు. కానీ రష్యన్‌లో ఒక మనిషిని విడిచిపెట్టడానికీ, లోకాన్ని విడిచిపెట్టడానికీ వాడేది మొదటిదే. ఆమె విమానంలో వెళ్ళినా సరే, భర్తను విడిచి వెళ్ళిన స్త్రీకి ‘ఉష్ల’ అనే అంటారు. అందువల్ల రైలు సంగతి తెలిసి కూడా ‘ఉష్ల’ను ఎంచుకున్న అనువాదకుడు, ఆ వాక్యంలోని సందిగ్ధతనూ అందులోని దుఃఖాన్నీ కాపాడగలుగుతాడు. భాష ఇచ్చిన నియమాన్ని ఎరిగి ఉండటం, ఆ నియమం ఎక్కడ వెనక్కి తగ్గుతుందో కూడా ఎరిగి ఉండటం అనే రెండూ కలిసినప్పుడే ఇటువంటి ఎంపిక సాధ్యమవుతుంది.

సన్నివేశం ఏమీ చెప్పనప్పుడు ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్న. రష్యన్‌లో ఎలా వెళ్ళారో చెప్పనక్కరలేని క్రియలు కొన్ని లేకపోలేదు. బయలుదేరడం, చేరుకోవడం అనే అర్థాలలో ఉన్న ‘అత్‌ప్రావిత్స’, ‘దబ్రాత్స’ వంటివి సాహిత్యంలో చక్కగా ఇమిడిపోతాయి. అక్కడ ఉండి వచ్చానని చెప్పడానికి ఉండుట అనే క్రియనే వాడి, మాస్కోలో ఉన్నానంటే వెళ్ళి వచ్చానన్న అర్థం సాధించవచ్చు. మరికొన్ని తటస్థ క్రియలకు మాత్రం కార్యాలయపు వాసన ఉంది. రైల్వే ప్రకటనలలో, పత్రికల అధికారిక వార్తలలో మంత్రులు వచ్చి వెళ్ళడానికి వాడే ‘ప్రిబీత్’, ‘అత్‌బీత్’ అటువంటివి. ఇటువంటి దస్తావేజుల భాష మామూలు మాటలోకీ సాహిత్యంలోకీ చొరబడటాన్ని కొర్నేయ్ చుకోవ్‌స్కీ ఒక జబ్బుగా భావించి, 1962లో దానికి ‘కంత్‌సెల్యారీత్’ అని పేరు పెట్టారు. అనువాదకళపై ఆయన రాసిన ‘వీసోకయె ఇస్కూస్త్‌వ’, అంటే ఉన్నత కళ అనే గ్రంథం తరువాతి తరం అనువాదకులకు దారి చూపింది. ఇంగ్లీషు నుంచీ ఫ్రెంచి నుంచీ ఎన్నో రచనలను రష్యన్‌లోకి తెచ్చిన నోరా గాల్, 1972లో వెలువడిన తన పుస్తకంలో, క్రియతో చెప్పగలిగిన దానిని బరువైన నామవాచకాలతో చెప్పే అలవాటును గట్టిగా ఖండించారు. ప్రయాణం చేయడం జరిగిందనే తీరులో రాసిన వాక్యం ఏ ప్రశ్నకూ జవాబివ్వకుండా తప్పించుకుంటుంది గాని, ఆ వాక్యంలో మాట్లాడేది మనిషి అనిపించదు. చుకోవ్‌స్కీ, నోరా గాల్ పక్షమే ఇక్కడ సరైనది. పొడిబారిన తటస్థత కంటే, సన్నివేశాన్ని ఆలోచించి ధైర్యంగా చేసిన ఒక ఊహ పాఠకుడికి మేలు చేస్తుంది.

క్రియను పూర్తిగా విడిచిపెట్టడం మరొక మార్గం, అది రష్యన్‌కు ఎంతో సహజం. ఎక్కడికని అడిగితే ఇంటికని చెప్పడం తెలుగులో చాలినట్టే రష్యన్‌లోనూ చాలుతుంది. క్రియ లేకుండానే దిశ తెలుస్తుంది, ఎలా వెళ్తున్నారన్న ప్రశ్న తలెత్తదు. వర్జీనియా వూల్ఫ్ 1927లో ప్రచురించిన ‘టు ద లైట్‌హౌస్’ నవలలో, దీపస్తంభానికి వెళ్తామా వెళ్ళమా అన్నదే ఒక పసివాడి ఆశగా మొదలై, చివరకు ఏళ్ల తరువాత పడవ ప్రయాణంగా ముగుస్తుంది. ఆ నవల రష్యన్ పేరు ‘న మయాక్’. అందులోనూ ఇంగ్లీషు పేరులో ఉన్నట్టే క్రియ లేదు, దిశ మాత్రమే ఉంది.

ఈ చర్చకు తెలుగునేలతో నిజమైన సంబంధమున్న ఒక గ్రంథాన్ని ఇక్కడ పేర్కొనాలి. పదిహేనవ శతాబ్దంలో త్వేర్ నగరపు వర్తకుడు అఫనాసీ నికీతిన్ కాస్పియన్, అరేబియా సముద్రాలు దాటి దక్కనుకు వచ్చి, బహమనీ సుల్తానుల రాజధాని బీదరులో నివసించి, శివరాత్రి వేళ ‘పర్వత్’ అనే పుణ్యక్షేత్రానికి జనంతో కలిసి వెళ్ళాడు; ఆ క్షేత్రం శ్రీశైలమని పండితులు గుర్తించారు. తిరుగుప్రయాణంలో అతడు స్మోలెన్స్క్ చేరకముందే మరణించినా, అతని రాతలు మిగిలాయి. వాటిని పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశకాలలో చరిత్రకారుడు కరమ్‌జీన్ ఒక మఠంలో కనుగొని వెలుగులోకి తెచ్చారు. ఆ గ్రంథం పేరులోని ‘ఖజేనియె’ అనే మాట ‘ఖదీత్’ నుంచి పుట్టినది; యెరూషలేము వెళ్ళి వచ్చిన యాత్రికులు తమ అనుభవాలను రాసుకున్న పాత రష్యన్ గ్రంథాలకు ఇదే పేరు వాడుకలో ఉండేది. ఇంగ్లీషులో ఆ పేరు మూడు సముద్రాల ఆవలికి చేసిన ప్రయాణంగా మారేసరికి, పోయి రావడమన్న అర్థమూ యాత్రికుడి భక్తిభావమూ రెండూ చెరిగిపోయాయి. ఈ రోజు ఒక రష్యన్ హైదరాబాదు వచ్చి వెళ్తే అతని స్నేహితులు ‘ఖదీల్’ అనరు. ‘యేజ్దిల్’ అనో, విమానాన్ని తలచుకుని ‘లెతాల్’ అనో అంటారు. నికీతిన్ ఇండియా వెళ్ళాడన్న ఇంగ్లీషు వాక్యాన్ని తిరిగి రష్యన్ చేసే అనువాదకుడు, ఆ కాలపు పలుకు నిలుపుకోవాలంటే ‘ఖదీల్’నే ఎంచుకోవలసి ఉంటుంది. అంటే నడక, వాహనం, దిశ, లింగం అన్నవాటికి తోడు కాలం, గ్రంథప్రక్రియ కూడా ఆ ఒక్క క్రియలో వచ్చి చేరతాయి.

ఎదురు దిశలో జరిగే నష్టానికి లోకమంతా ఎరిగిన ఉదాహరణ 1961 ఏప్రిల్ 12న పలికిన ఒక మాట. వస్తోక్ నౌక నేల విడిచే క్షణంలో యూరీ గగారిన్ ‘పయేఖలి’ అన్నాడు. బండి కదిలేటప్పుడు రష్యాలో ఎవరైనా అనే మాట అది. వాహనపు క్రియకు చెందిన బహువచన భూతకాల రూపమైనా, పదండి, బయలుదేరుదాం అనే అర్థంలో వాడతారు. మానవుడు తొలిసారి అంతరిక్షానికి ఎగురుతూ, ఎగరడమనే క్రియను పక్కనబెట్టి, రోడ్డు మీద బండికి వాడే క్రియనే వాడటంలో ఉన్న చనువు, నిబ్బరం, దేశీయత ఇంగ్లీషు ‘లెట్స్ గో’లో మిగలవు. దానిని ఆధారం చేసుకున్న తెలుగు వాక్యంలో ‘వెళ్దాం’ అన్న ఒక్క మాట మాత్రమే మిగులుతుంది.

తెలుగు పాఠకులకు ఈ విషయం దూరపు సంగతి కాదు. రష్యన్ సాహిత్యంలో చాలా భాగం తెలుగులోకి ఇంగ్లీషు మీదుగానే వచ్చింది. వెళ్ళి తిరిగి వచ్చిన మనుషులూ, తిరిగి రానివారూ, నడిచినవారూ, బండ్లెక్కినవారూ అందరూ మధ్యలో ఒకే ‘వెంట్’ గుండా దాటి రావలసి వచ్చింది. మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయంలో తెలుగు అనువాదకులుగా పనిచేసినవారిలో రాచమల్లు రామచంద్రారెడ్డి ఒకరు. అనువాదకుడి పనిలోని కష్టాలను చర్చించిన ఆయన ‘అనువాద సమస్యలు’ గ్రంథానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ గ్రంథం లేవనెత్తిన చర్చ మూడు భాషల మధ్య జరిగే రాకపోకలకు కూడా విస్తరించాలి. ఈనాడు రష్యన్ నేర్చుకున్న తెలుగువారు వైద్యవిద్యకో ఉద్యోగానికో వెళ్ళినవారిలోనే ఎందరో ఉన్నారు. వారిలో సాహిత్యాభిరుచి ఉన్నవారు, ఇంగ్లీషు మీదుగా వచ్చిన పాత తెలుగు అనువాదాలను రష్యన్ మూలంతో ఒక్కొక్క క్రియగా సరిచూసి, తప్పిపోయిన అర్థాలను తిరిగి నిలబెట్టే పనికి పూనుకోవాలి. టాల్‌స్టాయ్, చెహోవ్ కథలతో ఆ పని మొదలుపెట్టవచ్చు.